ఆ వార్డుకంతా ఒకే పేరు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు సైనిక్‌పురిలోని మా ఇంటికి వస్తుంటారు. ఏ కోర్సు చేయాలి, ఏ సర్టిఫికెట్ ఉంటే జీతం పెరుగుతుంది అని అడుగుతారు. ఆ సంగతులు నాకంటే వాళ్ళ ఫోన్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది, అది వినడానికి అంత బాగుండదు. అందుకని కాఫీ ఇచ్చి పంపేస్తుంటాను. ఇక్కడ రాస్తే, మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళు నా కంటపడరు.

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. "మా కోడలు కంప్యూటర్లకి తాళాలు వేస్తుంది, తీస్తుంది" అని చుట్టాలకు చెప్పేవారు. అంతకంటే మంచి వివరణ నేనూ ఇవ్వలేను. ఒక సంస్థలో పనిచేసే ప్రతి మనిషికీ కంప్యూటర్లోకి వెళ్ళడానికి ఒక ఖాతా ఉంటుంది. ఆ ఖాతాలన్నీ ఉండే చోటుని డైరెక్టరీ అంటాం. ఒకప్పుడు అది ఆఫీసు మూలగదిలో ఏసీ కింద ఉండేది. ఇప్పుడు క్లౌడ్‌లో, అంటే ఎక్కడో ఎవరిదో అద్దె యంత్రంలో ఉంటోంది. ఎవరు లోపలికి రావచ్చు, ఎక్కడినుంచి, ఏ షరతు మీద అనే నియమాలు లాగిన్ పాలసీలు. వీటిని మార్చడానికి బటన్లున్న వెబ్ పేజీ ఒకటి ఉంది కానీ, వేలమంది ఉన్నచోట దానితో తెల్లారదు. నల్ల తెర మీద ఒక వాక్యం టైపు చేసి ఎంటర్ కొడతాం. ఆ వాక్యాన్నే కమాండ్ అంటాం. దానితో ఒక మనిషికి తలుపు తీయవచ్చు, ఊరంతటికీ మూయవచ్చు. నిజంగానే చేయమంటారా అని అది చాలాసార్లు అడగదు కూడా.

గోపాలరావు గారి ఆచారం

నా మొదటి బాస్ గోపాలరావు గారు. గుంటూరు వైపు మనిషి, మా నాన్నగారికి దూరపు చుట్టం. ఆ చుట్టరికాన్ని ఆఫీసు గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. ఆయన దగ్గర ఒక ఆచారం ఉండేది. ఎవరి ఖాతా అయినా మూసే కమాండ్ టైపు చేశాక, ఎంటర్ కొట్టేముందు పక్క కుర్చీలో ఉన్నవాళ్ళకు వినపడేలా గట్టిగా చదవాలి. చదవాల్సింది కమాండ్‌ని కాదు. మనిషి పేరు, ఆ మనిషి చేసే పని, ఎందుకు మూస్తున్నామో, ఈ మూడూ చదవాలి. పక్కవాళ్ళు విని ఔనంటేనే ఎంటర్.

పెళ్ళిలో పంతులుగారు ప్రవర చదువుతున్నట్టు ఉందని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. మా పై అంతస్తులో ఇంకో టీం ఉండేది. వాళ్ళలో మహా తెలివైన ఇంజనీరొకడు, ఫలానా విభాగంలో మానేసినవాళ్ళ ఖాతాలు మూయమని కమాండ్ రాసి, విభాగం పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలేశాడు. ఖాళీ ఉంటే యంత్రం "అందరూ" అనుకుంది. ఆఫీసంతా వరండాల్లోకి వచ్చి నిలబడింది. సరిదిద్దుదామంటే ఆ అందరిలో అతనూ ఉన్నాడు, అతని ఖాతా కూడా మూసుకుపోయింది. కూర్చున్న కొమ్మ నరుక్కున్నవాడిని కథల్లో విన్నాను, కళ్ళారా చూడటం అదే మొదలు.

"గట్టిగా చదివుంటే ఆ ఖాళీ నోటికి తగిలేదమ్మా" అన్నారు గోపాలరావు గారు. ఆయన రిటైరయ్యాక కూడా ఆ ఆచారాన్ని నేను వదల్లేదు. తర్వాత నేను చేరిన ఆసుపత్రిలో నా పక్క కుర్చీ యాదగిరిది. మౌలాలి రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాడు, పనిమంతుడు, నాలిక కాస్త పదును.

"గిట్ల పేర్లు సదివి ఎంటర్ కొట్టుడు ఏ ఇంజనీరింగ్ కాలేజీల నేర్పిండ్రు మేడం మీకు?" అని మొదటి వారం ఆటపట్టించాడు. రెండో వారం నుంచి నేను చదవకముందే చేతిలో పని ఆపి వినేవాడు. విని, "ఔ మేడం" అనేవాడు. పేరు ఒకరిదై పని ఇంకొకరిదని నన్ను ఆపిన రోజులూ ఉన్నాయి.

మినహాయింపు లేదు

ఆసుపత్రి సికింద్రాబాద్‌లోనే, పేరు ఎందుకులెండి. అక్కడ మా విభాగాధిపతి శశిధర్ గారు. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషై ఉంటే ఇది రాయడం నాకు తేలికయ్యేది. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో గుర్తుపెట్టుకుని స్వీట్లు తెప్పించే మనిషి. ఆసుపత్రుల ఫైళ్ళను దొంగలు ఎత్తుకుపోయి బేరమాడుతున్న రోజులవి. ఆయన భయపడటంలో తప్పులేదు. అందుకని ఒక పాలసీ రాయించారు. ఆసుపత్రిలో ఎవరు ఏ కంప్యూటర్‌లోకి వెళ్ళినా పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోదు, వాళ్ళ ఫోన్‌కు ఒక ప్రశ్న వస్తుంది, అందులో "అవును" నొక్కాలి. ప్రతిసారీ, ప్రతి ఒక్కరూ.

నియమం మంచిదే. చిక్కంతా ఐసీయూలో. అక్కడికి నర్సులు ఫోన్లు తీసుకెళ్ళకూడదు, బయట లాకర్లో పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాలి. డాక్టర్లు ఫోన్ చేస్తారు కాబట్టి షిఫ్టుకు ఒక్క ఇన్‌చార్జ్ సిస్టర్‌కు మాత్రం ఫోన్ ఉంటుంది. మరి మిగతావాళ్ళు "అవును" ఎక్కడ నొక్కాలి? ఐసీయూ కంప్యూటర్లను ఈ పాలసీ నుంచి తప్పిద్దాం, వాళ్ళ గుర్తింపు కార్డు ఆనిస్తే తెరుచుకునేలా చేద్దాం అని నేను చెప్పాను. మెయిల్ కూడా రాశాను.

"ఒకళ్ళకి మినహాయింపు ఇస్తే రేపు అందరూ క్యూ కడతారు సుభద్ర గారూ" అన్నారు శశిధర్ గారు. "ఆడిట్‌లో నూటికి నూరు అని రాయించుకోవాలి మనం. ఒక్క వార్డు వదిలినా నూరు కాదు కదా."

పాలసీ అమలైంది. అన్ని విభాగాల నుంచీ ఫిర్యాదులు వచ్చాయి, ఒక్క ఐసీయూ నుంచి రాలేదు. చూశారా, మీరు అనవసరంగా భయపడ్డారు అన్నారాయన. పిల్లలూ, ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. పాటించడానికి వీల్లేని నియమం పెట్టినప్పుడు ఎవరూ నోరెత్తడం లేదంటే వాళ్ళు దాన్ని పాటిస్తున్నారని కాదు. దాని పక్కనుంచి ఇంకో దారి వేసుకున్నారని.

వాళ్ళు వేసుకున్న దారి రాజమణి.

రెండు అంతస్తుల్లో ఒకే మనిషి

రాజమణి పగటి షిఫ్టు ఇన్‌చార్జ్ సిస్టర్. అప్పటిదాకా నాకు ఆమె ఒక పేరు మాత్రమే. ఒక మధ్యాహ్నం ఐసీయూలో ఒక పెద్దాయన చనిపోయాడు. నరంలోకి ఎక్కే మందు వేగాన్ని ఎవరో కంప్యూటర్లో తప్పుగా మార్చారు, మందు ఉండాల్సినదానికంటే చాలా వేగంగా ఎక్కింది. మార్చింది ఎవరని చూస్తే కంప్యూటర్లో ఉన్న పేరు రాజమణిది. విచారణ కమిటీ వేశారు. మనిషిని చంపిన నిర్లక్ష్యం అని తేలితే ఉద్యోగంతో ఆగదు, నర్సు రిజిస్ట్రేషన్ పోతుంది, పోలీసులు వస్తారు.

శశిధర్ గారు నన్ను పిలిచారు. "ఆ టైముకి ఆవిడ ఖాతా లాగిన్ అయి ఉందా లేదా చెప్పండి చాలు. ఒక్క లైను."

ఒక్క లైను రాయడానికి నాకు ఒక్క కమాండ్ చాలు. ఎవరెవరు ఎప్పుడు ఏ కంప్యూటర్లోకి వెళ్ళారో డైరెక్టరీ దాచుకుంటుంది. అడిగితే చెబుతుంది. అడిగాను. ఆ సమయానికి రాజమణి ఖాతా ఐసీయూలో ఆ పెద్దాయన మంచం పక్కనున్న కంప్యూటర్లో తెరిచే ఉంది. అదే సమయానికి కింది అంతస్తులో, స్కానింగ్ గదిలోని కంప్యూటర్లోనూ తెరిచి ఉంది. ఇంకాస్త వెనక్కి వెళ్ళి చూశాను. ప్రతిరోజూ ఆమె ఖాతా ఐసీయూలో ఉన్న అన్ని కంప్యూటర్లలోనూ ఒకేసారి తెరిచి ఉంటోంది. ఆ షిఫ్టులోని మిగతా సిస్టర్లందరి ఖాతాలూ పాలసీ అమలైన వారం నుంచి వాడకుండా పడి ఉన్నాయి.

యాదగిరి నా భుజం మీదుగా తెర చూశాడు. "ఒక మనిషి రెండు ఫ్లోర్లల్ల ఎట్లుంటది మేడం? రాజమణక్క మా గల్లీలనే ఉంటది. పేషెంట్‌ను స్కానింగ్‌కు తోల్కపోయిందంట ఆ టైంకు. నిజమే చెప్పింది."

నిజమే. ఆ తప్పు రాజమణి చేత్తో జరగలేదని ఆ తెర చెబుతోంది. పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చిందని కూడా ఆ తెరే చెబుతోంది. మా ఆసుపత్రిలో పాస్‌వర్డ్ పంచుకుంటే శిక్ష ఒక్కటే, ఉద్యోగం తీసేయడం. ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా చేతిలో ఉన్నది ఆ రెండింటికీ దారి చూపించే ఒకే కాగితం.

రెజిమెంటల్ బజార్‌లో టీ

కమిటీకి ఇచ్చేముందు ఆమెకు చెప్పాలనుకున్నాను. అలా చెప్పకూడదని మీకు శిక్షణలో చెబుతారు. చెప్పడమే సబబని నేను ఇప్పటికీ అంటాను. యాదగిరి ఫోన్ చేసి రమ్మన్నాడు. రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు పక్కన చిన్న హోటల్లో కూర్చున్నాం. రాజమణి నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది, వేళ్ళ చివర్లు కడిగి కడిగి తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"పాస్‌వర్డ్ ఎందుకు ఇచ్చారమ్మా?" అని అడిగాను.

ఆమె టీ కప్పు పక్కకు జరిపింది. "ఏం చెయ్యాలె మేడం? ఫోన్ లాకర్ల పెట్టాలంటరు. ఫోన్ లేకుంటే కంప్యూటర్ తెరుచుకోదంటరు. పేషెంట్‌కు బీపీ పడిపోతుంటె సిస్టర్ బయటికి ఉరికి, లాకర్ తీసి, అవును కొట్టి, మల్ల చేతులు కడుక్కొని వచ్చేదాంక ఆయన ఆగుతడా? మా తక్లీఫ్ చెప్తనే ఉన్నం సూపర్‌వైజర్‌కు. పైనోళ్ళు ఒప్పుకోరు, రాసుడు సుత దండగ అన్నడు. గందుకే నా పేరు ఇచ్చిన. దినమంత నా ఫోన్ మోగుతనే ఉంటది. కాంటీన్ల తినుకుంట సుత అవును కొడ్త. ఎవలు అడుగుతున్నరో ఎట్ల చూడాలె?"

"ఆ రోజు మందు వేగం మార్చింది ఎవరో తెలుసా?"

"తెలుసు. చెప్ప." కప్పు మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "కావాలని చెయ్యలే మేడం. ఒక్కొక్కలకు నలుగురు పేషెంట్లు ఆ దినం. ఆమె గిప్పటికి అన్నం తింటలేదు. ఆమె పేరు చెప్పి నేను బతకాల్నా?"

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ కాగితం ఇస్తే చావు మీ మీద పడదు, కానీ ఉద్యోగం ఖాయంగా పోతుంది. ఇవ్వకపోతే పాస్‌వర్డ్ సంగతి ఎవరూ ఎత్తరు, కానీ చావు మీదే అవుతుంది. ఇంతకాలం ఈ పనిలో ఉండి ఒక మనిషికి ఇలాంటి బేరం చెప్పాల్సి వచ్చినందుకు నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది.

ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. "ఆ పెద్దమనిషి బిడ్డ రోజు వస్తుండె. అక్కా, మా నాయిన ఎట్లున్నడు అని నన్నే అడుగుతుండె. ఆమె నేనే సంపిననని అనుకుంటే నేను ఉండలేను మేడం. కొలువు పోతే పోనీ. ఇయ్యండి."

రెండో పేజీ

రెండు పేజీలు రాశాను. మొదటి పేజీలో ఆ సమయానికి ఆమె ఖాతా రెండు చోట్ల ఉందని, డైరెక్టరీ ఖాతాను చూపిస్తుందే తప్ప చేతిని చూపించదని రాశాను. రెండో పేజీలో మన పాలసీయే వాళ్ళను ఈ దారి పట్టించిందని, ఐసీయూలో అది పాటించడం సాధ్యం కాదని ముందే మెయిల్ రాశానని, ఇప్పటికైనా మార్చకపోతే మళ్ళీ ఎవరి తప్పో ఎవరికీ తెలియదని రాశాను.

శశిధర్ గారు చదివారు. "మొదటి పేజీ చాలా క్లియర్‌గా ఉంది. రెండోది అవసరమంటారా?"

"రెండూ కలిపే ఒక జవాబు సార్" అన్నాను. ఆయన తీసేయలేదు. రెండు పేజీలూ కమిటీకి వెళ్ళాయి. అయితే ఏం, దున్నపోతు మీద వాన కురిసింది. మరణానికి రాజమణి బాధ్యురాలని నిరూపణ కాలేదని రాశారు. పాస్‌వర్డ్ పంచుకున్నందుకు ఉద్యోగంలోంచి తీసేయాలని రాశారు. పాలసీ గురించి ఒక్క మాట లేదు. దాన్ని రాయించిన మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ కమిటీలో ఉన్నవాళ్ళందరూ చదువుకున్నవాళ్ళు, మర్యాదస్తులు. ఐసీయూ గుమ్మం దగ్గర చేతులు కడుక్కుని ఒక గంట నిలబడి చూసినవాళ్ళు మాత్రం అందులో ఎవరూ లేరు.

మూసిన రోజు

ఒక ఉదయం శశిధర్ గారి ఫోన్ వచ్చింది. "రాజమణిగారికి లెటర్ ఇచ్చేశారు. సెక్యూరిటీ బయటికి తీసుకెళ్తున్నారు. ఖాతా మూసేయండి, తెరిచున్నవి కూడా కట్ చేయండి. లేటవకూడదు."

కమాండ్ టైపు చేశాను. అలవాటు ప్రకారం గట్టిగా చదివాను. "రాజమణి. ఐసీయూ ఇన్‌చార్జ్ సిస్టర్. పాస్‌వర్డ్ పంచుకున్నందుకు."

యాదగిరి తన తెరనే చూస్తున్నాడు. "మీరు సదివిండ్రు, నేను విన్న మేడం. ఔ మాత్రం అన."

మొదటిసారి పక్క కుర్చీ నుంచి ఆ మాట లేకుండా ఎంటర్ కొట్టాను. కాసేపటికి బల్ల మీది ఫోన్ మోగింది. ఐసీయూ నుంచి ఒక సిస్టర్. "మేడం, మా కంప్యూటర్లన్ని ఒక్కసారే బంద్ అయినయి. ఏ బెడ్‌కు ఏ మందు నడుస్తుందో కనబడ్తలేదు."

అన్నీ రాజమణి పేరు మీదే ఉన్నాయి. విచారణ తర్వాత అది ఆగిపోయి ఉంటుందని అనుకున్నాను. పేరు పంచుకున్నందుకు ఆమెను గేటు దాకా నడిపిస్తున్న ఆ నిమిషాన కూడా వార్డంతా ఆమె పేరు మీదే పనిచేస్తోంది. ఇంకో దారి ఎవరూ ఇవ్వలేదు కదా.

శశిధర్ గారు మా గదికి పరుగున వచ్చారు. చొక్కా తడిసిపోయి ఉంది. "ఆవిడ ఖాతా తెరవండి. సాయంత్రం షిఫ్టు మారేదాకా. పేషెంట్ల ప్రాణాలండీ."

"ఐసీయూని పాలసీ నుంచి తప్పిస్తాను సార్. ఒక్క కమాండ్" అన్నాను.

"పాలసీ మార్చాలంటే కమిటీ ఒప్పుకోవాలి. ఖాతా తెరవడానికి అక్కర్లేదుగా."

ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు తలచుకున్నాను. అందులో తప్పు ఒక్కటీ లేదు. అదే దానిలో ఉన్న ఘోరం. ఖాతా తెరిచాను. కానీ తెరిస్తే ఏమైంది, లోపలికి వెళ్ళాలంటే "అవును" నొక్కాలి. నొక్కాల్సిన ఫోన్ రాజమణి చేతిలో ఉంది. దాని బదులు ఇంకో ఫోన్ జతచేయాలన్నా పైవాళ్ళ ఆమోదం కావాలని నియమం. శశిధర్ గారు బల్ల మీది ఫోన్ నా ముందుకు జరిపారు. నా వైపు చూశారు, అంతే.

నేనే ఫోన్ చేశాను. ఆమె గేటు బయట ఆటో కోసం నిలబడి ఉంది.

"ఏందో మేడం, నా ఫోన్ ఆగకుండ మోగుతుంది" అంది. సంగతి చెప్పాను. మీరు కాదంటే నేను ఒక్క మాట అనను, అని కూడా చెప్పాను. ఆగిన ఆటోను ఆమె పొమ్మనడం వినపడింది.

"పేషెంట్లున్నరు గద మేడం" అంది. "కొడ్తా. షిఫ్ట్ మారేదాంక గీడనే ఉంట."

పాలసీ మారింది, కొన్ని వారాలకు, ఒక పెద్ద డాక్టరు లాగిన్ అందక కేకలేశాక. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. ఐసీయూకు కార్డులొచ్చాయి. అవి రావడానికి ఎవరు ఏం పోగొట్టుకున్నారో ఆ కార్డు ఆనించేవాళ్ళకు తెలియదు. రాజమణికి మౌలాలిలో ఒక చిన్న నర్సింగ్ హోంలో, సగం జీతానికి పని దొరికిందని యాదగిరి చెప్పాడు. మీరు నియమం రాసే ప్రతిసారీ, దాన్ని పాటించాల్సిన మనిషి నిలబడే చోట ముందు మీరు నిలబడి చూడండి. వీల్లేదంటే, రాయను అనండి. ఉద్యోగం పోతుందని భయమా? పోయినవాళ్ళను చూశాను, వాళ్ళు మీకంటే నిబ్బరంగా ఉన్నారు.

ఆ సాయంత్రం సంగతితో ముగిస్తాను. సాయంత్రం షిఫ్టు ఇన్‌చార్జ్ తన ఫోన్‌తో వచ్చింది. ఇక వార్డు ఆమె పేరు మీద నడుస్తుంది. నేను లాప్‌టాప్ చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి దిగాను. రాజమణి ఎదురుగా టీ బండి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఉద్యోగం తీసేస్తూ ఇచ్చిన ఉత్తరం హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సగం బయటికి కనిపిస్తోంది. ఫోన్ మోగింది. చూడకుండానే "అవును" నొక్కింది.

"షిఫ్ట్ మారిందా?"

"మారిందమ్మా."

"ఇగ బంద్ చెయ్యండి మేడం. యాదగిరి చెప్పిండు, మీరు పేరు సదివి చేస్తరట గద. సదవండి."

పక్క స్టూలు మీద కూర్చుని, లాప్‌టాప్ మోకాళ్ళ మీద తెరిచి కమాండ్ టైపు చేశాను. "రాజమణి" అని చదివాను. "ఐసీయూ ఇన్‌చార్జ్ సిస్టర్" అని చదివాను. మూడోది, ఎందుకన్నది, నోటికి రాలేదు. ఆమె ఎదురుచూసింది. నేను చదవలేనని ఆమెకు అర్థమైంది.

"ఔ మేడం" అంది రాజమణి.

ఎంటర్ కొట్టాను.